పట్టాలు తప్పిన గేరు

సైకిలు కొన్నవాణ్ణి పట్టుకుని "ఎన్ని గేర్లండీ?" అని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. పెళ్ళికొడుకుని చూడబోయి "అబ్బాయికి ఎన్ని పళ్ళండీ?" అని ఎవరైనా అడుగుతారా? సైకిలు విషయంలో అడగవలసిన ప్రశ్నలు వేరే వున్నాయి. గట్టెక్కుతుందా? బరువు వేస్తే లాగుతుందా? ఎర్రదీపం దగ్గర ఆగి మళ్ళీ బయల్దేరేటప్పుడు మోకాళ్ళు దక్కుతాయా? వానల్లో, బురదలో గేరు మారుతుందా? చెడితే మన సందు చివర షాపులో బాగవుతుందా? ఈ అయిదూ ఎవరూ అడగరు. అడగరు కనకనే వీటికి సరైన జవాబు చెప్పే సైకిలు మన బజారులో కలికానికి కూడా కనపడదు.

గేరు గురించి ఒక అపోహ వుంది. అది బలాన్ని పెంచుతుందని చాలామంది నమ్మకం. పెంచదు. మన కాళ్ళలో ఎంత వుంటే అంతే. గేరు చేసేదల్లా బేరం కుదర్చడం. నెమ్మదిగా పోతానంటే తేలిగ్గా తొక్కనిస్తుంది; వేగంగా పోతానంటే గట్టిగా తొక్కమంటుంది. పది బిందెల నీళ్ళు మేడమీదికి చేర్చాలనుకోండి. రెండేసి బిందెలు మోస్తూ అయిదుసార్లు ఎక్కవచ్చు. ఒక్కొక్కటే మోస్తూ పదిసార్లూ ఎక్కవచ్చు. చేరిన నీళ్ళు అవే. నడుం మాత్రం రెండో పద్ధతిలోనే మిగుల్తుంది. గేరంటే ఆ రెండో పద్ధతి.

మన నల్ల సైకిలుకి ఈ రెండో పద్ధతి లేదు. నాదే తీసుకోండి. చైనువీలుకి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకి 18 పళ్ళు. పెడలు ఒక్క చుట్టు తిప్పితే బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. చదును రోడ్డు మీద ఇది భేషైన లెక్క. గట్టు దగ్గరే వస్తుంది తంటా. మనిషీ, సైకిలూ, క్యారియరు మీద సరుకూ కలిపి 100 కిలోలనుకోండి. నూరు మీటర్లు పోతే అయిదు మీటర్లు ఎక్కే వాలు. మనిషి నడకలాగా గంటకి 6 కిలోమీటర్ల చొప్పున ఎక్కినా పెడలు నిమిషానికి 18 చుట్లే తిరుగుతుంది. ఆ ప్రతి చుట్టులోనూ, పొడవునా, సగటున 25 కిలోల బరువుతో పెడలు తొక్కుతూ వుండాలి. గాలినీ రోడ్డు రాపిడినీ నేనింకా లెక్కలోకి తీసుకోలేదు. పైగా సగటన్నమాట చూసి మోసపోకండి. పెడలు నడినెత్తిన వున్నప్పుడూ, అడుగున వున్నప్పుడూ కాలుబలం దండగే. ఆ కొరత మధ్యలో తీర్చాలి కనక అక్కడ అంతకంతా తొక్కాలి. ఎవడు తొక్కుతాడు? దిగి తోస్తాడు.

నా మాట మీద నమ్మకం లేకపోతే విశాఖపట్నంలో సముద్రం ఒడ్డునుంచి వాల్తేరు అప్‌లాండ్స్ వైపు ఎక్కే రోడ్డు పక్కన పొద్దున్నే ఒక అరగంట నుంచోండి. లేదా హైదరాబాదులో ఏ ఫ్లైఓవరు మొదట్లోనైనా సరే. పాలక్యాన్లవాడు దిగుతాడు. కూరల బుట్టలవాడు దిగుతాడు. కొబ్బరిబొండాలు గెలలుగా కట్టుకున్నవాడు దిగి, ఒక చెయ్యి హ్యాండిలు మీదా ఒక చెయ్యి సీటు మీదా వేసి, వొంగి, తోస్తాడు. వెనకనుంచి కారు హారను కొడుతుంది. స్వాతంత్ర్యం వచ్చిననాడు ఈ సైకిలుకి ఒకటే గేరు. ఇవాళా ఒకటే గేరు. ఆ వొంగిన నడుం గురించి ఆలోచించిన ఇంజనీరు ఎవరైనా వుంటే ఆ ఆలోచన మన వీధిదాకా మటుకు రాలేదు.

ఇక గేర్లెక్కడికి పోయాయంటారా? హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరిచారు. మీద సూర్యరశ్మితో కరెంటు పుట్టించే కప్పు కూడా వుంది. మంచిపనే. ఆదివారం పొద్దున్న అక్కడికి వెళ్ళి చూడండి. వెనక చక్రానికి పది, పదకొండు, పన్నెండు పళ్ళచక్రాలున్న సైకిళ్ళు గాలిలో తేలిపోతుంటాయి. బాట చదును. క్యారియరు లేదు. బరువంతా ఒక మంచినీళ్ళ సీసా. వ్యాయామం చేసేవాళ్ళ మీద నాకేమీ కోపం లేదు, వాళ్ళ ఆరోగ్యం చల్లగా వుండాలి. కాని శనగలున్నవాడికి పళ్ళు లేవు, పళ్ళున్నవాడికి శనగలు లేవు అన్న సామెత మనవాళ్ళు సైకిలు గేర్లని చూసే చెప్పారేమో అనిపిస్తుంది.

మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చిన గేరు కథ ఇంకోటి. ఆమధ్య మా బావమరిది కొడుక్కి సైకిలు కొన్నాడు. ఫ్రేము మీద ఎర్రక్షరాల స్టిక్కరు: 21 స్పీడు.

"చూశారా బావగారూ, ఇరవై ఒక్క గేర్లు! మీ కారుకి అయిదేగా?" అన్నాడు.

నేను కాగితం, పెన్సిలు తెమ్మన్నాను. ముందు మూడు చైనువీళ్ళు: 28, 38, 48 పళ్ళవి. వెనక ఏడు: 14 నుంచి 28 దాకా. మూడేళ్ళు ఇరవై ఒకటి, నిజమే. కాని ముందు 28, వెనక 14 వేస్తే పెడలు ఒక చుట్టుకి చక్రం రెండు చుట్లు. ముందు 48, వెనక 24 వేసినా సరిగ్గా రెండు చుట్లే! ఇలా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచున్నవీ, కాలికి తేడా తెలియనంత దగ్గరగా వున్నవీ కొట్టేసుకుంటూ పోతే, ఇరవై ఒకటిలో మిగిలినవి పదమూడు. అందులోనూ చైను అడ్డదిడ్డంగా వంకర తిరిగే జోడీలు వాడకూడదు. ఇరవై ఒకటి అమ్మి పదమూడు ఇవ్వడాన్ని బియ్యం కొట్లో అయితే తూకం మోసమంటాం. సైకిలు షాపులో టెక్నాలజీ అంటున్నాం.

"పోనీ పదమూడే వున్నాయనుకోండి, అవైనా ఎక్కువేగా?" అన్నాడు మా బావమరిది, ఓడిపోయినట్టు ఒప్పుకోకుండా.

ఎక్కువే. ఆ ఎక్కువే కొంప ముంచింది. పన్నెండేళ్ళ పిల్లాడు. కుడిచేతి కింద ఒక మీట, ఎడమచేతి కింద ఒక మీట. ఒకటి నొక్కితే తేలికవుతుంది, రెండోది అటే నొక్కితే బరువవుతుంది. బడి ముందర చిన్న ఎత్తు. అక్కడ ఎదురుగా ఎవరో అడ్డమొస్తే ఆగాడు. ఆగినప్పుడు సైకిలు బరువు గేరులో వుంది. ఆగిన సైకిలుకి ఈ రకం గేరు మారదు. చైను నడుస్తుంటేనే మారుతుంది. బలమంతా పెట్టి తొక్కుతూ మీట నొక్కాడు. చైను కరకరమని ఎటూ కాకుండా ఇరుక్కుంది. పక్కకి ఒరిగిపోయాడు. వెనక వస్తున్న ఆటో అతను బ్రేకు వేశాడు కనక మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది.

తరవాత నెల్లాళ్ళకి సైకిలు కుడివైపుకి పడి, గేరు వేలాడే ముక్క వంగింది. అక్కణ్ణుంచి గేరు తనిష్టం వచ్చినప్పుడు మారడం, చైను స్పోకుల్లోకి దూకడం. కొన్న షాపుకి తీసుకెళ్తే "సెట్టంతా మార్చాలి" అన్నారు. సందు చివర షాపతను నయం. ఒక పూట కూచుని, చైను కొంత తెంపి, మధ్య పళ్ళచక్రం మీద ఒకటే గేరుగా బిగించి ఇచ్చేశాడు.

"ఇప్పుడు బావుంది మావయ్యా, చైను పడ్డంలేదు," అన్నాడు మా మేనల్లుడు.

స్టిక్కరు మాత్రం ఇంకా వుంది. 21 స్పీడు! ఇలాంటి సైకిళ్ళు ఏ అపార్టుమెంటు మెట్లకింద చూసినా కనబడతాయి.

ఈ రకం గేరుకి పేరు డిరైలర్. ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు. పట్టాలు తప్పించేది అని అర్థం. చైనుని ఒక పళ్ళచక్రం మీదనుంచి నెట్టేసి పక్కదాని మీద పడేస్తుంది. రైలు పట్టాలు తప్పితే పత్రికల్లో మొదటి పేజీ వార్త. చైను పట్టాలు తప్పితే అది ప్రగతి!

న్యాయంగా మాట్లాడాలి కనక ఇదీ చెబుతాను. పట్టాలు తప్పించే ఈ పనిని తీర్చిదిద్దినవాళ్ళు సామాన్యులు కారు. 1964లో జపాను కంపెనీ సన్‌టూర్ చైనుని నెట్టే చేతిని ఏటవాలుగా కదిలేటట్టు చేసి, అది ప్రతి పళ్ళచక్రానికీ ఒకే దగ్గర్లో వుండే ఉపాయం కనిపెట్టింది. దాని పేటెంటు తీరిపోయిన 1984లోనే షిమానో ఆ ఉపాయాన్ని తీసుకుని, మీటని ఒక్కొక్క 'టిక్కు'కి ఒక్కొక్క గేరు మారేటట్టు చేసింది. అంతకుముందు చెవితో విని, చేత్తో సవరించుకోవలసి వచ్చేది. 1989లో పళ్ళకి చిన్నచిన్న వాలుమెట్లు చెక్కి, చైను జారకుండా ఎక్కే దారి వేశారు. ఇవన్నీ నిజమైన మెరుగులు. దణ్ణం పెట్టవలసినవే. కాని ఎవరికోసం జరిగాయి ఈ మెరుగులు? పందెగాళ్ళ కోసం.

పందేల సంగతీ ఒక విచిత్రమే. టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రి దెగ్రాంజ్‌కి గేర్లంటే గిట్టేది కాదు. నలభై అయిదు దాటినవాళ్ళకి తప్ప మగవాడికి గేరెందుకన్నది ఆయన ధోరణి. అందుకని కొండ వచ్చినప్పుడల్లా పందెగాళ్ళు దిగి, వెనక చక్రం ఊడదీసి, తిరగేసి, రెండోవైపు వున్న పెద్ద పళ్ళచక్రానికి చైను తగిలించి మళ్ళీ ఎక్కేవాళ్ళు. డిరైలర్ని ఆ పందెంలోకి రానిచ్చింది 1937లో. రానిచ్చాక ఇంక అడ్డూ ఆపూ లేదు. వెనక మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, పదకొండు, పన్నెండు. ఆ తరవాత పదమూడు కూడా వచ్చాయి. ఒకేచోట అన్ని చక్రాలు పట్టాలి కనక చైను సన్నబడుతూ పోయింది.

పందెగాడికి ఇదంతా సుఖమే. ఆయన వెనకాల కారు వస్తుంది, కారులో మెకానిక్కు, మెకానిక్కు చేతిలో ఇంకో చక్రం. మన పాలబ్బాయి వెనకాల ఎవరొస్తారు? ఇంకో పాలబ్బాయి.

ఇప్పుడు తీగలు కూడా పోయాయి. షిమానో 2009లో కరెంటు గేరు తెచ్చింది. 2015లో స్రామ్ కంపెనీవాళ్ళు తీగే లేకుండా రేడియోతో మార్చేశారు. సెల్‌ఫోనుతోబాటు సైకిలు గేరుకీ రాత్రి ఛార్జింగు పెట్టుకుని పడుకోవాలన్నమాట. 2024లో అమెరికా పరిశోధకులు ఇలాంటి ఒక గేరు సంకేతాన్ని గాలిలో పట్టి, దాన్నే మళ్ళీ వదిలి, దూరాన్నుంచే ఇతరుల సైకిలు గేరు మార్చి చూపించారు. కంపెనీ ఆ కన్నం పూడ్చుకోవలసి వచ్చింది. దిష్టి తగిలి చైను పడిపోయిందని మా అమ్మమ్మ అంటే నవ్వేవాళ్ళం. సైన్సు చివరికి అమ్మమ్మ పక్షానికే వచ్చింది.

"ఇంతకీ నువ్వు చెప్పేదేమిటయ్యా, గేర్లే వద్దంటావా?" అని తమరు అడగవచ్చు. వద్దనడంలేదు మహాశయా! మన ఎండకీ, దుమ్ముకీ, బరువుకీ పనికొచ్చే గేరు నూటపాతికేళ్ళ కిందటే పుట్టింది, దాన్ని తెచ్చి బాగుచెయ్యండి అంటున్నాను.

1902లో ఇంగ్లండులో రాలీ సైకిళ్ళ యజమాని ఫ్రాంక్ బౌడెన్ పూనికతో నాటింగ్‌హామ్‌లో స్టర్మీ-ఆర్చర్ అనే మూడు గేర్ల ఏర్పాటు పురుడు పోసుకుంది. దీనిలో చైను ఎటూ దూకదు. ముందు ఒకటే చైనువీలు, వెనక ఒకటే పళ్ళచక్రం. గేర్లన్నీ వెనక చక్రం నడిమధ్య, హబ్బు డొల్లలోపల, నూనెలో మునిగి వుంటాయి. లోపల తిరగకుండా నిలిచే చక్రం ఒకటి. దాన్ని సూర్యుడంటారు. చుట్టూ తిరిగే చిన్నవి గ్రహాలు. వాటన్నిటికీ బయట ఉంగరంలాంటి పళ్ళచక్రం. మన జాతకానికి తొమ్మిది గ్రహాలు కావాలి గాని, 1930లలో వచ్చి దశాబ్దాలపాటు లోకమంతా తిరిగిన ఏ.డబ్ల్యూ. హబ్బుకి నాలుగే చాలాయి. సూర్యుడికి 20 పళ్ళు, ఉంగరానికి 60. ఆ లెక్కన చైను గ్రహాలని తిప్పితే చక్రం మూడింట ఒక వంతు జోరెక్కుతుంది. ఉంగరాన్ని తిప్పితే నాలుగింట ఒక వంతు తగ్గుతుంది. నేరుగా వదిలేస్తే ఎంతకంత. ఒకటే మీట, మూడే స్థానాలు. అన్నిటికన్నా ముఖ్యం, సైకిలు ఆగి వున్నప్పుడు కూడా గేరు మారుతుంది. ఎర్రదీపం దగ్గర నుంచుని తేలిక గేరు వేసుకుని బయల్దేరవచ్చు. ఆవేళ బడి ముందు మా మేనల్లుడికి కావలసింది పదమూడు గేర్లు కాదు, ఈ ఒక్క గుణం.

హాలండులో రోజూ ఆఫీసులకీ బజార్లకీ వెళ్ళే సైకిళ్ళలో హబ్బు గేర్లు ఇవాళ్టికీ మామూలే. అక్కడ చదును నేల, ఎదురుగాలి. మనకి గట్లు, బరువులు. అయినా అవి వాళ్ళకున్నాయి, మనకి లేవు.

దీనికి అభ్యంతరాలు నాకు తెలుసు. బరువెక్కువ అంటారు. నిజమే, ఒక కిలో అటూ ఇటూ పెరుగుతుంది. ఇరవై కిలోల సైకిలు మీద ముప్ఫై కిలోల కూరలు వేసుకునేవాడికి ఆ కిలో ఒక ఆనపకాయ. పళ్ళలో పళ్ళు తిరగడంవల్ల కొంత బలం వృథా అంటారు. అదీ నిజమే. దుమ్ము, ఇసుక పట్టి కిర్రుమంటున్న బయటి చైను మీద ఎంత వృథా అవుతోందో కూడా చూడండి మరి. పాత హబ్బుల్లో రెండో గేరుకీ మూడోదానికీ మధ్య పెడలు ఉత్తినే తిరిగిపోయే లోపం వుండేది. తీగ వదులైతే జారేది. దాన్ని తరవాతి నమూనాల్లో సరిచేశారు. మన మెకానిక్కులకి తెలియదంటారు. ఈ మాటకి మాత్రం నేనొప్పుకోను. చెట్టుకింద కూచుని అంబాసిడరు గేరుబాక్సు విప్పి బిగించిన దేశం మనది. విడిభాగాలు బజారులో దొరికితే నెల తిరక్కుండా సందు చివర షాపతను మీకూ నాకూ పాఠం చెబుతాడు.

అయితే ఇంగ్లండు హబ్బుని తెచ్చి అలాగే తగిలిస్తే చాలదు. మెరుగుపరచడమంటే మన పనికి తగ్గట్టు చెయ్యడం. నా సైకిలు లెక్కే మళ్ళీ చూడండి. వెనక 18 పళ్ళకి బదులు 22 వేసి, దానికి ఈ మూడు గేర్లు తగిలిస్తే పెడలు ఒక చుట్టుకి దాదాపు 3.3, 4.4, 5.9 మీటర్లు వస్తాయి. పై గేరు ఇప్పుడున్నదానికన్నా కొంచెం జోరు. కింది గేరులో, ఇందాకటి వాలు మీద, ఇందాకటి బరువుతో, సగటున 25 కిలోలు తొక్కవలసినవాడు 15 కిలోలు తొక్కితే సరిపోతుంది. పది కిలోలు, ప్రతి చుట్టుకీ, ప్రతిరోజూ. ఆ పది కిలోలే దిగి తోయడానికీ, కూచుని ఎక్కడానికీ మధ్య తేడా. యాభై దాటినా ఆ పని చేసుకు బతకగలగడానికీ, మోకాళ్ళు అరిగి ఇంట్లో కూచోడానికీ మధ్య తేడా కూడా అదే కావచ్చు.

అందుకని నా డిమాండ్లు మూడు. ఒకటి: ఫ్రేము మీద గేర్ల సంఖ్య రాయడం మానెయ్యాలి. పెడలు ఒక చుట్టుకి అతి తేలిక గేరులో ఎన్ని మీటర్లు, అతి బరువు గేరులో ఎన్ని మీటర్లు, ఈ రెండంకెలూ రాయాలి. బిస్కెట్టు పొట్లం మీద ఎన్ని గ్రాములో రాయగా లేనిది, వేలు పోసి కొనే సైకిలు మీద ఎందుకు రాయరు? రెండు: బరువులు మోసే నల్ల సైకిలుకి మూడు గేర్ల హబ్బు వేసి, కొనగలిగే ధరకి ఇవ్వాలి. 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద జి.ఎస్.టి. 12 శాతంనుంచి 5కి తగ్గింది. ఆ మిగిలింది స్టిక్కర్లకి కాకుండా హబ్బులకి పోనివ్వండి. మూడు: 2006లో బీహారులో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు కొనుక్కునే డబ్బిచ్చిన పథకం వచ్చింది. ఇంకా ఎన్నో రాష్ట్రాల్లో బడిపిల్లలకి సైకిళ్ళే ఇచ్చారు. ఇకముందు అలా లక్షల్లో కొనేటప్పుడు, కొండవాలు ఊళ్ళ పిల్లలకైనా ఆగి కూడా గేరు మార్చుకోగల సైకిలే కావాలని టెండరులో ఒక్క వాక్యం రాస్తే చాలు. కంపెనీలు పరిగెత్తుకుంటూ వచ్చి చేసిపెడతాయి. వాళ్ళకి చేతకాక కాదు, అడిగినవాడు లేక.

కనక ఈసారి షాపుకి వెళ్ళినప్పుడు "ఎన్ని గేర్లు?" అని అడక్కండి. "దీనిమీద యాభై కిలోల బియ్యం బస్తా వేసుకుని ఫ్లైఓవరు ఎక్కగలనా?" అని అడగండి. షాపువాడు నవ్వుతాడు. నవ్వనివ్వండి. వెనకాలే ఇంకొకరు వచ్చి అదే అడిగితే నవ్వడం మానేస్తాడు. పదోవాడు అడిగేసరికి ఫ్యాక్టరీకి ఉత్తరం రాస్తాడు.